హన్మవ్వ నూనె పడని తల

బోధన్‌లో దిగి హన్మవ్వ ఇల్లెక్కడ అని అడిగితే, ఏ హన్మవ్వ అని ఎదురడుగుతారు. ఆ పేరు గలవాళ్లు వాడకు ఇద్దరున్నారు మరి. నూనె హన్మవ్వ అని చూడండి, ఆటో అతను మారుమాట లేకుండా శక్కర్‌నగర్ వైపు తిప్పి, మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ గోడ దాటించి, మూడో సందులో నీలం తలుపుల ఇంటి ముందు దింపుతాడు. ఆదివారం అయితే ఆ మాత్రం అడగడమూ దండగే, వాసన పట్టుకుని పోవచ్చు. నువ్వుల నూనె, కొబ్బరినూనె సమపాళ్లలో ఇనుప మూకుట్లో పోసి, గుంటగలగరాకు, మందారం పూలు, కరివేపాకు, మెంతులు, ఎండు ఉసిరి వేసి ఆమె సన్నసెగ మీద కాస్తుంటే, సందు చివర ఉన్న కిరాణావాడు కూడా తూకం ఆపి గాలి పీలుస్తాడు.

నూనెకు ఎంత పేరున్నదో ఆమె నోటికీ అంతే పేరున్నది. తీపి మాటలు ఆమెకు చేతకావు. పలకరింపే తగాదాలా ఉంటుంది. అయినా వారపు అంగడి రోజున ఆమె అరుగు మీద ఆడవాళ్లు కిక్కిరిసి కూచుంటారు. ఎందుకంటే హన్మవ్వ సీసా చేతికిచ్చి పంపే రకం కాదు. మొదటి చారెడు నూనె తన చేత్తో మాడుకు పెట్టి, పదివేళ్లతో మర్దించి, అప్పుడే సీసా ఇస్తుంది. ఆమెది చెయ్యి మంచిదని, ఆ చెయ్యి పడితే బోడితలకు కూడా జడ వస్తుందని ఊళ్లో అనుకుంటారు. ఆమె మాత్రం ఇంకో మెట్టు పైకెక్కి, నా నూనె పడని తల ఇంకా పుట్టలేదు అంటుంది. ఆ మాట గొప్పకు అన్నది కాదు, మనసారా నమ్మి అన్నదే.

నమ్మకపోతే ఎలా, ఆ నూనే కదా ఇల్లు నిలబెట్టింది. మొగుడు దేవిదాస్ ఫ్యాక్టరీలో చెరుకు బండ్లు దింపించే పని చేసేవాడు. ఫ్యాక్టరీ మూతపడ్డ ఏడు ఆయన మంచం మీద పడుకుని పైకప్పు చూస్తుంటే, హన్మవ్వ మూకుడు పొయ్యి మీదికెక్కించింది. కొడుకు భానుప్రసాద్ చదువు, వాడి లారీ, వాడి పెళ్లి, అన్నీ ఆ మూకుట్లోంచే వచ్చాయి. అంచేత ఆ నూనెకు మచ్చ వస్తే ఆ ఇంటికి వచ్చినట్టే. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. అందరికంటే ఎక్కువ కోడలికి తెలుసు.

కోడలు జ్యోతిరాణి బాల్కొండ పిల్ల. ఏడో ఏట తల్లి పోయింది, హాస్టళ్లలో పెరిగింది. మూడేళ్ల కింద పెళ్లై వచ్చిన సాయంత్రం, పెట్టెమీద చెయ్యి వేసి గోడకానుకుని కూచుంది తప్ప ఎవరు పిలిచినా ఊ అనలేదు. బుజ్జగించే విద్య రాని హన్మవ్వ, గిన్నెలో ఇంత నూనె పోసుకొచ్చి, పీట వాల్చి, ఇటు రా అంది. ఆ పిల్ల వచ్చి కూచుంది. మాడు మీద చెయ్యి పడీ పడగానే భుజాలు కదిలిపోయేలా ఏడ్చింది. ఆమె ఎందుకేడ్చిందో హన్మవ్వ అడగలేదు. చెయ్యి మాత్రం ఆపలేదు. ఆ రోజు నుంచి సాయంత్రం ఆరున్నరకు జ్యోతిరాణి నిజామాబాద్ బస్సు దిగి రావడం, చాయ్ తాగడం, పీట మీద కూచోవడం, హన్మవ్వ నూనె పెట్టడం. భానుప్రసాద్ లారీ తీసుకుని నాందేడ్ దాటిపోతే పదేసి రోజులు రాడు. ఆ ఇంట్లో అత్తాకోడళ్ల మధ్య మాటలకంటే నూనే ఎక్కువ నడిచింది. తల్లి లేని పిల్లకు తల్లినయ్యానని హన్మవ్వ లోలోపల మురిసిపోయేది.

జ్యోతిరాణి నిజామాబాద్ పసుపు మార్కెట్ యార్డులో, రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో కంప్యూటర్ పని చేస్తుంది. సీజనులో అక్కడ గాలి కూడా పచ్చగానే ఉంటుంది. రాసుల మీద రాసులు పసుపు కొమ్ములు కుమ్మరిస్తుంటే దుమ్ము లేచి కనురెప్పల మీద వాలుతుంది, చాయ్ గ్లాసులో పడుతుంది. కాబట్టి రెండో ఎండాకాలం కోడలి తలలోంచి పచ్చపచ్చని పొట్టు రాలడం చూసినప్పుడు హన్మవ్వ క్షణం కూడా ఆలోచించలేదు. పసుపు దుమ్ము అని తేల్చేసింది. ఇందూరని పిలుచుకునే ఈ నిజామాబాద్ పసుపు పీల్చి పెరిగిన మనిషికి ఇంకో ఆలోచన రావడం కూడా కష్టమే. దుమ్ము నానాలంటే నూనె పెట్టాలి, నానితే దువ్వెనతో లాగెయ్యాలి. ఇంత సులువైన లెక్కకు ఎవరిని అడగాలి?

నూనె పెంచింది. పొట్టు తగ్గలేదు. ఇంకా పెంచింది. పొట్టు పెద్దదై, జిడ్డుగా అంటుకుని రాసాగింది. జ్యోతిరాణి బస్సులో కూచుని పెన్ను మూతతో గోక్కుంటున్నదని, దుకాణంలో పక్కన కూచునే ఆమె కుర్చీ కాస్త అవతలికి జరుపుకున్నదని హన్మవ్వకు తెలియదు. ఒకరోజు నిమ్మకాయ పిండి రుద్దితే ఆ పిల్ల పళ్లు బిగబట్టి కళ్లనీళ్లు మింగింది. మండుతున్నదంటే పని చేస్తున్నట్టే అని హన్మవ్వ సంతోషించింది.

సంతోషం ఎక్కువ రోజులు ఉండనియ్యలేదు భాగ్యలక్ష్మి. ఎడపల్లి దగ్గర పదెకరాల వరి, నాలుగెకరాల పసుపు చేసే ఇంటి ఇల్లాలు. తీసుకుంటే ఆరు సీసాలకు తక్కువ తీసుకోదు, ఆ సీసాలతో పాటు హన్మవ్వ పేరునూ చుట్టాలందరి ఇళ్లకూ చేరవేస్తుంది. అలాంటి మనిషి తన కొత్తింటి పండగకు పిలిచి, పదిమంది ముందు జ్యోతిరాణి భుజం దులిపింది. నల్ల జాకెట్టు మీద పొట్టు బియ్యం నూకల్లా ఉంది.

"ఏందక్కా, దీపం కిందనే చీకటా?" అంది భాగ్యలక్ష్మి. ఆమె మనసులో విషం లేదు, నోటికి తాళం లేదు, అంతే.

నవ్వులు లేచాయి. హన్మవ్వ ఊరుకునే ఘటమా. అది మీ పసుపే, మీ పంటే నా కోడలి భుజం మీద దుమ్మయి కూచున్నది, దులిపినందుకు కూలి ఇస్తా రా అని బదులిచ్చింది. నవ్వులు భాగ్యలక్ష్మి వైపు తిరిగాయి. కాని ఇంటికొచ్చాక హన్మవ్వకు ముద్ద దిగలేదు. నూనె అమ్మే మనిషి ఇంట్లోనే తల పొట్టు రాలుతున్నదనే మాట ఒకసారి అంగట్లో పడితే, వెనక్కి తేవడం ఎవరి తరం? నవ్విన నాపచేనే పండుతుందంటారు గాని, నవ్విన నూనె అమ్ముడుపోతుందని ఎవరూ అనలేదు. మర్నాటి నుంచి కోడలి తలకు రెండుపూటలా నూనె పెట్టింది.

వానలు పడ్డాయి. యార్డుకు పసుపు రాక పలచబడింది. అడ్తి దుకాణం పైకప్పు కురుస్తున్నదని రిపేరుకు మూసేసి, జ్యోతిరాణిని ఇరవై రోజులు ఇంట్లో ఉండమన్నారు. యార్డు లేదు, దుమ్ము లేదు, ఇక తల దానంతటదే బాగుపడుతుందని హన్మవ్వ ధీమాగా ఉంది. పదిహేనో రోజున కోడలి దిండు గలేబు ఉతకడానికి తీసింది. దాని నిండా పచ్చని జిడ్డు మరక, మరకలో పొట్టు.

హన్మవ్వ ఏదో ధ్యాసలో బట్టల సబ్బు దాని మీద రుద్దింది. రుద్ది ఆగిపోయింది.

పసుపు మరకకు సబ్బు తగిలితే కుంకుమలా ఎర్రబడుతుంది. ఈ జిల్లాలో పసుపు దంచిన చెయ్యి, పసుపు బట్ట ఉతికిన చెయ్యి ఏదైనా సరే, దానికి ఈ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. ఈ మరక ఎర్రబడలేదు. ఇంకా గట్టిగా రుద్దింది. పచ్చగానే ఉంది. లేచి వంటింట్లోకి పోయి చిటికెడు పసుపు తెచ్చి, అదే గలేబు రెండో మూలన రాసి, తడిపి సబ్బు పెట్టింది. ఆ మూల భగ్గున ఎర్రబడింది. ఈ మూల మాత్రం కదలలేదు మెదలలేదు. హన్మవ్వ ఆ గలేబు పట్టుకుని బండ మీద అలాగే కూలబడింది. ఏడాదిన్నర నుంచి ఏది దుమ్ము అనుకుని నానబెడుతున్నదో అది దుమ్ము కాదు, ఆ పిల్ల చర్మమే.

కోడలిని పిలిచి వాకిట్లో వెలుతురుకు కూచోబెట్టింది. జుట్టు పాయలు పాయలుగా విడదీసి చూసింది. చూడటం అదే మొదటిసారి. మూడేళ్లుగా ఆ తల మీద తన చెయ్యి తిరిగింది గాని కన్ను పడలేదు. చెవుల వెనక ఎర్రగా కమిలి ఉంది. మాడు మీద అక్కడక్కడ పచ్చని పొలుసు కట్టి ఉంది, గోళ్ల గీతలు ఎండి ఉన్నాయి. ముక్కు పక్కన, కనుబొమ్మల మధ్య కూడా సన్నగా పొట్టు లేస్తున్నది. హన్మవ్వకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియక కోడలి మీదికే మళ్లించింది. నోరు లేదా నీకు, ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదని కసిరింది.

జ్యోతిరాణి పాయలు వెనక్కి తోసుకుంది.

"నూనె పెట్టిన నాడే ఎక్కువ జిల పెడ్తది అత్తమ్మా," అంది. దురద ఎక్కువయ్యే చోటని చెవి వెనక చూపించింది.

మర్నాడు హన్మవ్వ పొద్దున్నే లేచి, చీర మార్చుకుని, పద దవాఖానకు అంది. తన సంచిలో ఒక నూనె సీసా కూడా పెట్టుకుంది. దేవిదాస్ అది ఎందుకని అడిగితే, డాక్టర్ ఏమన్నా కూస్తే ముక్కు దగ్గర పెట్టి వాసన చూపిస్తానని చెప్పింది. లోపల భయం ఉన్నా బయటికి బింకం తగ్గితే ఆమె హన్మవ్వ ఎందుకవుతుంది?

నిజామాబాద్ ఖలీల్‌వాడిలో చర్మం డాక్టర్ స్నేహలత. చిన్న వయసు మనిషి, జుట్టు మెడ దాకా కత్తిరించుకుంది. జుట్టే లేనామె జుట్టుకేం మందిస్తుందని హన్మవ్వ గడప దగ్గరే ఒక మార్కు తగ్గించింది. డాక్టర్ మాత్రం తొందరపడలేదు. బల్ల మీది దీపం దగ్గరికి లాగి, గుండ్రటి అద్దంతో పాయ పాయ చూసింది. ముక్కు పక్కన చూసింది, చెవుల వెనక చూసింది. తలకు ఏం నూనె పెడతారని అడిగింది.

"ఏమీ పెట్టను మేడం," అంది జ్యోతిరాణి.

డాక్టర్ తన చేతివేళ్ల వైపు చూసుకుంది, జిడ్డుతో మెరుస్తున్నాయి. ఏమీ పెట్టకుండా ఇంత జిడ్డు రాదమ్మా, సరిగ్గా చెప్తేనే సరైన మందు ఇయ్యగలను అంది. జ్యోతిరాణి తల వంచుకుని, ఏమీ పెట్టను అని మళ్లీ అదే మాట అంది. పక్కన కుర్చీలో హన్మవ్వ సంచి ఒళ్లోకి లాక్కుంది. ఈ పిల్ల ఎవరిని కాపాడుతున్నదో ఆమెకు అర్థమైంది. తను గమ్మున కూచుంటే చాలు, ఇక్కడ ఎవరికీ ఏమీ తెలియదు, నూనె పేరు భద్రంగా బోధన్ బస్సెక్కుతుంది. తెలియకపోయేది డాక్టర్‌కు, తగ్గకపోయేది ఈ పిల్ల తలకు.

"పెడ్తది," అంది హన్మవ్వ. "నేనే పెడ్తున్న. దినాం పెడ్తున్న, ఈ మధ్యల రెండుపూటల పెట్టిన." సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టింది.

డాక్టర్ సీసా మూత తీసి వాసన చూసింది. ఎవరు కాచారో అడిగి, మా నానమ్మ కూడా గుంటగలగరాకు వేసేదని చెప్పింది. అప్పుడు విషయం విడమరిచింది. కంటికి కనబడని బూజులాంటి జీవి ఒకటి ప్రతి మనిషి తలమీదా ఉంటుందట. మాడులో ఊరే జిడ్డే దానికి తిండి. చాలామందికి దానివల్ల ఏమీ కాదు. కొందరి చర్మానికి మాత్రం అది గిట్టదు. అప్పుడు మాడు కమిలి, నెలకు రాలాల్సిన చర్మం వారానికే పొరలు పొరలుగా రాలుతుంది. అదే చుండ్రు. జిడ్డు ఎక్కువున్న చోట పచ్చగా వస్తుంది. అలాంటి తలకు పైనుంచి రోజూ నూనె పెట్టి కదలకుండా ఉంచితే, ఆ జీవికి విందు పెట్టినట్టే.

హన్మవ్వ ఒప్పుకుందా? ఊహూ, ప్రశ్నలు మొదలుపెట్టింది. మురికి వల్ల వస్తుందా అంటే, రోజూ స్నానం చేసేవాళ్లకూ వస్తుంది, మురికికీ దీనికీ సంబంధం లేదంది డాక్టర్. అంటుకుంటుందా అంటే, దువ్వెన మారినా దిండు మారినా అంటుకోదంది. అది విని జ్యోతిరాణి తలెత్తింది. దుకాణంలో కుర్చీ జరుపుకున్న మనిషి గుర్తుకొచ్చి ఉంటుంది పాపం. మరి ఒక్కసారిగా పోతుందా అంటే, పోదు, అదుపులో ఉంటుంది, చలికాలంలోనో మనసు బాగాలేనప్పుడో మళ్లీ తొంగిచూస్తుంది, చూస్తే మళ్లీ మందు వాడాలి, అంతే తప్ప భయపడే జబ్బు కాదు అంది. నిమ్మకాయ మాట వినగానే మాత్రం డాక్టర్ మొహం చిట్లించింది. గీరుకుపోయిన చోట పులుపు పోస్తే మండక చల్లగా ఉంటుందా అని కాస్త గట్టిగానే అంది. హన్మవ్వ ఆ ఒక్క మాటకు తల దించుకుంది.

ఒక మందు షాంపూ రాసింది. వారానికి రెండుసార్లు, మాడుకు పట్టించి అయిదు నిమిషాలు ఉంచి కడగాలి. గోళ్లతో కాదు, వేలి కొసలతో రుద్దాలి. నెల తర్వాత వారానికోసారి చాలు. తల ఆరకుండా ముడి వెయ్యొద్దు. నెలకు కూడా తగ్గకపోయినా, పుండ్లు పడి రసి కారినా మళ్లీ రావాలి. మాడుకు నూనె వద్దు.

"నీ నూనెల తప్పు లేదమ్మా," అంది చివరికి హన్మవ్వ మొహం చూసి. "ఈ తలకు పడదు. గంతే."

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూచున్న హన్మవ్వ ఎడపల్లి దాటాక కోడలి వైపు తిరిగింది. డాక్టర్ దగ్గర అబద్ధం ఎందుకాడావని అప్పుడు అడిగింది. జ్యోతిరాణి దాచకుండా చెప్పింది. నూనె పడలేదని బయటపడితే నీ పేరేమవుతుంది, నీ పేరుతోనే కదా మనం తింటున్నాం అంది. ఇంకో మాట కూడా అంది. వద్దంటే నువ్వు నన్ను పీట మీద కూచోబెట్టుకోవేమో అని భయమేసింది అంది. హన్మవ్వ కిటికీ వైపు తిరిగి కొంగుతో కళ్లు తుడుచుకుంది. దుమ్ము పడిందని చెప్పింది గాని, వాన పడుతున్న రోడ్డు మీద దుమ్ము ఎక్కడిది?

వైద్యం మొదలైంది. మొదలైతే హన్మవ్వ చేతిలోకి పోకుండా ఎక్కడికి పోతుంది. షాంపూ తనే పట్టించింది. మూకుట్లో నూనె ఎప్పుడు దించాలో వాసన చూసి చెప్పే మనిషికి అయిదు నిమిషాలంటే ఎంతో తెలియలేదు. రెండు నిమిషాలకే చెంబు ఎత్తుతున్నదని, దేవిదాస్‌ను ఫోను పట్టుకుని వాకిట్లో నిలబెట్టారు. ఇంకా ఒకటిన్నర నిమిషం ఉన్నది, చెంబు దించు అని ఆయన లోపలికి కేకేస్తుంటే, ముప్పై ఏళ్ల కాపురంలో మొదటిసారి ఆయన చెప్పింది ఆమె విన్నది. మొదటి వారం పెద్ద తేడా లేదు. ఇంతోటి నురుగుకా ఇందూరు దాకా పోయింది అని హన్మవ్వ సణిగింది. మూడో కడుగుడుకు గోకుడు తగ్గింది. నాలుగో దానికి చెవుల వెనక ఎరుపు పోయింది. నెల తిరిగేసరికి గలేబు ఉతికితే నీళ్లు తెల్లగా వచ్చాయి. డాక్టర్‌లా గుండ్రటి అద్దం లేకుండానే హన్మవ్వ మాడంతా వెతికి, ఎక్కడా పొలుసు దొరక్క, పొలంలో కలుపు దొరకని రైతులా నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

వైద్యం మొదలైన కొత్తలో సాయంత్రాలే కాస్త కష్టమయ్యాయి. చాయ్ తాగాక హన్మవ్వ చేతులకు ఏం చెయ్యాలో తోచలేదు. నూనె లేకపోతే ఈ పిల్లకు తను ఏమవుతుంది? ఆ దిగులు ఆమెకు నిజంగా పట్టుకుంది. రెండు రోజులు పీట గోడకే ఆనించి ఉంచింది. మూడో రోజు జ్యోతిరాణే పీట వాల్చుకుని వచ్చి ఎదురుగా కూచుంది.

"నూనె లేకుంటె కూసోవద్దా అత్తమ్మా?"

హన్మవ్వ దువ్వెన తెచ్చింది. చిక్కు తీసి, ఆరిన జుట్టు కొసలకు మాత్రం రెండు చుక్కలు రాసి జడ వేసింది. మునుపటికంటే ఎక్కువసేపే పట్టింది. ఈసారి చెయ్యితో పాటు కన్నూ తిరిగింది మరి.

దసరా ముందు అంగడి రోజు. అరుగు నిండా ఆడవాళ్లు. భాగ్యలక్ష్మి ఆటోలో దిగింది. చెల్లెలి బిడ్డ పెళ్లట, ఈసారి పన్నెండు సీసాలు కావాలంది. అప్పుడే తలస్నానం చేసిన జ్యోతిరాణి జుట్టు విరబోసుకుని వాకిట్లో ఆరబెట్టుకుంటున్నది. నల్లగా, తేటగా, పాయకు పాయ విడిపోయి నడుము దాకా పడి ఉంది. భాగ్యలక్ష్మి దగ్గరికి పోయి, అప్పట్లో దులిపిన ఆ భుజాన్నే తడిమి చూసింది. పొట్టు ఒక్కటి లేదు. ఏం పెట్టారని అడిగింది.

"మా అత్తమ్మ నూనెనే," అంది జ్యోతిరాణి తడుముకోకుండా.

అరుగు మీద గుసగుసలు లేచాయి. ఎంత పొట్టు రాలిన తల ఎట్లయిందో చూడండి అని ఒకామె, అందుకే అంటారు ఆమె చెయ్యి మంచిదని ఇంకొకామె. మొన్న నవ్విన నోళ్లే ఇవి. పోయిన పేరు వడ్డీతో సహా దానంతటది నడిచి వచ్చి అరుగెక్కి కూచుంది. హన్మవ్వ చెయ్యాల్సింది ఏమీ లేదు, నోరు మూసుకోవడం తప్ప. ఆశ పడిందా అంటే పడింది. పడలేదని చెప్తే నేను అబద్ధం చెప్పినట్టు. చేతిలో నూనె గిన్నెతో ఆమె కోడలి వైపు చూసింది. ఆ పిల్ల కళ్లలో ఖలీల్‌వాడి దవాఖానలో కనబడిన బెదురే మళ్లీ కనబడింది. తన పేరు కోసం ఈ పిల్ల ఇంకా ఎన్నిచోట్ల అబద్ధాలాడాలి? ఇవాళ ఈ మాట నమ్మి, ఇంట్లో పొట్టు రాలే తల పెట్టుకుని రెట్టింపు నూనె కొనుక్కుపోయే వాళ్లు ఈ అరుగు మీద ఎందరున్నారు?

"అబద్ధం జెప్తున్నది నా కోడలు, నా కోసం," అంది హన్మవ్వ. గొంతు తగ్గించే అలవాటు లేదు కనుక సందు చివరిదాకా వినబడింది. "నా నూనె ఈ పిల్లకు పడలే. పడకనే తల పొట్టు అట్ల రాలింది. నేను సూసుకోలే. డాక్టర్ మందుతోని తగ్గింది. తల పొట్టు రాలేటోళ్లకు, జిల పెట్టేటోళ్లకు నేను నూనె ఇయ్య. మంచిగున్న తలలకే ఇస్త."

వరసలో వెనకున్న ఒకామె సంచి తీసుకుని చెప్పకుండా దిగిపోయింది. భాగ్యలక్ష్మి ఎత్తిన సీసాలు కింద పెట్టి, ఒకటి చేతిలో తిప్పుతూ, ఎట్ల అమ్ముతవక్కా ఇట్ల అంటే అని నెమ్మదిగా గొణిగింది. హన్మవ్వ ముఖం ఎర్రబడింది గాని మాట వెనక్కి తీసుకోలేదు. జ్యోతిరాణి వచ్చి ఆమె పక్కన నిలబడింది.

అప్పటికి నూనె కోసం పీట మీద కూచున్నది అక్తరున్నీసా. పాత బజారులో గాజుల దుకాణం వాళ్ల పెద్దామె, హన్మవ్వ ఆపా అని, అంటే అక్కా అని, పిలిచే మనిషి. నూనె కాచిన మొదటి వారం మొదటి సీసా కొన్నది ఆమే. ఆ తర్వాత ఒక్క అంగడి తప్పలేదు. ఎవరు ఏ నూనె గురించి మాట్లాడినా, మా హన్మవ్వ నూనె ముందు అదేమిటి అని దెబ్బలాడి వచ్చేది. ఆమె మెల్లగా తలమీది దుపట్టా వెనక్కి జార్చింది. నెరిసిన జుట్టు పాపిట దగ్గర విడదీసి పట్టుకుంది. పాపిట పొడుగునా ఎర్రగా, పొలుసు కట్టి ఉంది.

"అయితె నాది గూడ సూడు హన్మవ్వా," అంది. "పదేండ్ల సంది అడుగుదామనుకుంటున్న."

హన్మవ్వ చేతిలోని నూనె గిన్నె కింద పెట్టింది. పదేళ్లు. వారం వారం ఈ తల మీదే మొదటి చారెడు పోసింది.

"నోట్లె బెల్లంగడ్డ పెట్టుకున్నవా ఆపా, పదేండ్లు?"

"నువ్వు అంత ప్రేమగ పెడ్తుంటివి. నీకెట్ల జెప్పాలె?"

హన్మవ్వకు కళ్లు మసకబారాయి. అందరి ముందూ ఏడ్చింది, దాచుకోలేదు, దుమ్మనీ చెప్పలేదు. జ్యోతిరాణి సబ్బు, చెంబుతో నీళ్లు తెచ్చింది. హన్మవ్వ చేతులకున్న నూనె కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, అక్తరున్నీసాను పీటతో సహా వెలుతురు వైపు తిప్పి, పాపిట దగ్గర వంగి చూడటం మొదలుపెట్టింది. వెనక వరసలో ఇంకో ఇద్దరు తలమీది కొంగు తీసి ముందుకు జరిగారు.